కిటికీ గంట

ఇంటి నుంచి పనిచేస్తానని బిందు పెట్టిన అర్జీలు రెండు, ఆఫీసులో కూర్చుంటేనే టైపు పని సాగుతుందని మేనేజరు తిప్పి పంపాడు. మూడోది ఒప్పుకున్నాడు. కాకినాడ నుంచి అమలాపురంలోని ఆమె ఇంటికి కంప్యూటర్ వచ్చింది.

“రోజూ నాలుగు గంటల ప్రయాణం తప్పిందండి మీకు. ఎక్కడ పెట్టమంటారు?” అన్నాడు బిగించడానికొచ్చిన మెకానిక్.

మంచం తీసేసిన చోటు చూపించింది బిందు.

అక్కడ కిటికీ ఊచకి కట్టిన ఆవు గంట అతని తలకి తగిలింది. “ఇదేంటండీ?”

“మా ఆయనకి కాళ్ళు పడిపోయేయండి. నేను ఆఫీసుకెళ్ళినప్పుడు ఏం కావాలన్నా అది మోగించేవారు. పక్కింటి పిన్నిగారు వచ్చేవారు. పోయిన నెల దాకా మోగింది.”

అతను తాడు ముడి పట్టుకున్నాడు. “విప్పెయ్యమంటారా అండీ?”

“ఉండనివ్వండి. రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాను కదండీ.”