తిరిగొచ్చిన వానకోటు

బస్సు దిగగానే గైడు అందరికీ నారింజరంగు వానకోట్లు పంచాడు. పంచుతూ ఒక్కొక్కరి ముఖంలోకీ తేరిపార చూశాడు.

"పెళ్లిచూపులా ఏంటి బాబూ?" అంది లావుపాటి వంటావిడ. అందరూ నవ్వారు. గైడు నవ్వలేదు.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆమె కూడా నవ్వలేదు. కోటు తీసుకుని చేతిమీద వేసుకుంది గానీ తొడుక్కోలేదు.

అడవిలో వాన కాసేపు కురిసి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతోంది. దారంతా బురద. జలగలు చుట్టాల్లా వచ్చి వదలడం లేదని వంటావిడ ఒకటే గోల. కళ్లజోళ్ల షాపు ఆమె పిక్కకూ ఒకటి పట్టింది. వంటావిడ చూసి పీకేదాకా ఆమెకు తెలియనే లేదు.

"నొప్పెట్టలేదా అమ్మాయ్?"

"లేదండి."

నిజంగానే లేదు. ఏడాదిగా ఆమెకు ఏదీ పెద్దగా తెలియడం లేదు. అన్నం రుచి, నిద్ర, షాపు ఓనరు చీవాట్లు, అన్నీ ఒకటే.

నడుస్తూ నడుస్తూ వంటావిడ గొంతు తగ్గించింది. "ఈ గైడు సంగతి విన్నావా? పోయినేడు ఒకాయన్ని ఇక్కడే వదిలేసి బస్సు కదిలించాట్ట. పాపం, రెండో జలపాతం దగ్గర స్నానానికని దిగి జారిపడ్డాట్ట. కాలు విరిగి, కింద రాళ్లలో ఇరుక్కుని. తెల్లారేదాకా ప్రాణం ఉందని డాక్టర్లే అన్నారు."

ఆమె నడక ఆపేసింది. వంటావిడ ఆమె ముఖం చూసి నాలుక కరుచుకుంది. ఆ తర్వాత జలగల ఊసు కూడా ఎత్తలేదు.

రెండో జలపాతం దగ్గర ఆగారు. అందరూ నీళ్ల ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆమె మాత్రం గట్టుమీది చదును రాయి కేసి చూస్తూ ఉండిపోయింది.

గైడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కోటు వేసుకోండమ్మా. తడుస్తున్నారు."

"పర్లేదు."

గైడు కాసేపు నసిగాడు. "పోయినేడు ఇక్కడ చనిపోయినాయన భార్య ఒకరోజు వచ్చి చోటు చూసి వెళ్తుందని, ఆయన బావమరిది ఫోన్ చేశాడు. మీరు బస్సు దిగినప్పుడే అనుకున్నాను, మీరేనని."

ఆమె కాదనలేదు.

"నేను లెక్కపెట్టానమ్మా. నా పిల్లల మీద ఒట్టు. అప్పట్లో వానకోట్లే లెక్కపెట్టేవాణ్ణి. టోపీలు దించుకుంటే ముఖాలెక్కడ కనిపిస్తాయి? బస్సులో అన్ని కోట్లూ ఉన్నాయి. దిగేటప్పుడు అన్నీ తిరిగొచ్చాయి. ఆయనది కూడా. ఎట్లా వచ్చిందో దేవుడికే తెలియాలి. నేనే కోటు ఏరుకొచ్చి, మనిషిని వదిలేసి, కథ అల్లానంటున్నారు. మా ఆవిడ కూడా నమ్మడం లేదు. వచ్చే వారం కోర్టులో చివరి విచారణ. ఇదే నా ఆఖరి నడక."

"మీరు లెక్క తప్పలేదు," అంది ఆమె. "నాకు తెలుసు."

గైడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కాళ్లు ముట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది.

"ఇంత కష్టంలో ఉండి కూడా ఆ మాటన్నారు. మీది గొప్ప మనసమ్మా. ఈ ఒక్క ముక్క కోర్టులో చెప్పండి. నాకంతే చాలు."

చెప్పాలనే వచ్చింది ఆమె. ఇంట్లో అద్దం ముందు నిలబడి మాటలు కూడా కూర్చుకుంది. ఇప్పుడు మాత్రం చేతిమీది కోటును ఇంకో మడత పెట్టింది. తల ఊపిందో లేదో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం అందరూ బస్సెక్కారు. గైడు ఒక్కొక్కరి చేత టోపీ తీయించి, ముఖాలు చూసి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. చివరి వరుసలో, కిటికీ పక్కన కూర్చున్న ఆమె దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. ఆమె ఒళ్లోని కోటు మడత విప్పకుండా బయటికి చూస్తూ కూర్చుంది.

పోయినేడు ఇంకో దారిన ఒంటరిగా అడవికొచ్చి, వానకు వణికిపోతూ, ఆ చదును రాతిమీద కనిపించిన నారింజరంగు కోటు తొడుక్కుని, కాళ్లు లాగుతున్నాయని చెప్పాపెట్టకుండా ఈ బస్సెక్కినప్పుడు కూడా ఆమె కూర్చున్నది ఇదే సీట్లో.