గాలి దారి

“నిజం చెప్పండి, ఈసారి ఏం మోసుకెళ్ళారు వాళ్ళకి?” అని పెద్దకోడలు మొగుణ్ణి నిలదీసింది.

భోజనం చేసి నడుం వాల్చబోతున్న ఆయన, తమ్ముడి దగ్గర తను నోరు విప్పితే ఒట్టు అన్నాడు.

ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? తాతలనాటి ఇల్లు. ముందువైపు ఇటుక కదపడానికి వీల్లేదని మరిది వెనకాల కొత్తభాగం కట్టించాడు. మట్టి ఇటుకల గోడలు, ఎత్తైన కప్పు, ఏసీ మాటే లేదు. ఆర్కిటెక్టు అమ్మాయి వీళ్ళ మంచం తలవైపు గోడలో ఏటవాలు చిల్లుల ఇటుకలు పెట్టించి, అటు చల్లగాలి ఇటొస్తుందంది. పెద్దకోడలు కన్ను పెట్టి కూడా చూసింది. అటువైపు ఏమీ కనపడదు. గాలి మాత్రం వస్తుంది. మిట్టమధ్యాహ్నం అది హాయిగా తగులుతుంటే ఆవిడకి ఒళ్ళు మండేది. వాళ్ళ గాలి తను అప్పు తెచ్చుకుని పీల్చినట్టుంటుంది మరి.

వాళ్ళు కొత్తభాగంలోకి మారినప్పట్నుంచే ఈ వింత. మెట్లెక్కలేక మోకాళ్ళు పోతున్నాయని ఇదే మంచం మీద మొగుడితో సణిగింది. మర్నాడే తోడికోడలు మేస్త్రీని పిలిచి మెట్ల పక్కన వాలుబాట వేయించింది. వంటింట్లో పడమటెండ చంపుతోందంటే రెండోరోజుకల్లా కిటికీకి వెదురుతడిక వేలాడింది. నిన్నటికి నిన్న, ఆ మహాతల్లి తన పిల్లని మన దగ్గరికే రానివ్వదని తిట్టిపోసింది. ఇవాళ పొద్దున్నే తోడికోడలు పాపని తెచ్చి ఈవిడ ఒళ్ళో పెట్టింది.

“ఎందుకండీ ఇంత ప్రేమ? మనల్ని మంచి చేసుకుని పాతిల్లు కాజేయడానికే. అంత గుసగుసగా ఏం మాట్లాడుకుంటారు వాళ్ళిద్దరూ?”

“వాళ్ళు అలాంటివాళ్ళు కాదే.”

“అదిగో, వెనకేసుకొస్తున్నారు. మోసేది మీరే. రేపే మధ్యలో తలుపు పీకించి గోడ కట్టించేస్తాను. వాళ్ళ దారి వాళ్ళది, మన దారి మనది.”

ఆయన కళ్ళు చెమర్చాయి. తమ్ముడూ తనూ ఒకే కంచంలో తిని పెరిగామనీ, గోడ లేస్తే తను బతికుండి లాభం లేదనీ అన్నాడు. పెద్దకోడలికి పొద్దున పాప తన వేలు పట్టుకుని వదలకపోవడం గుర్తొచ్చింది. అయినా తగ్గలేదు.

“కడుపులో విషం పెట్టుకుని పైకి నవ్వే మనిషండీ అది!” అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. తలవైపు నుంచి చల్లగాలి వీచింది.

గాలితోపాటే తోడికోడలి గొంతూ వచ్చింది: “అక్కా, కాస్త మెల్లగా... పాప ఇప్పుడే పడుకుంది.”