గడి దాటిన అక్షరం

"ఏందమ్మాయ్ ఇది? అక్షరాలు గళ్లల్లోంచి బయటికొచ్చి పడతన్నాయి. రేపు మద్రాసు నుంచి రాయి కొనే పార్టీ వస్తంటే వాళ్లకిదా చూపించేది?"

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ నడిపే అలీ సాహెబ్ కంప్యూటర్ తెరను నజ్మీన్ వైపు తిప్పాడు. ఆ ఫ్యాక్టరీకి వెబ్‌సైట్ చేసింది ఆమే. గుంటూరులో తన ఆఫీసులో ముచ్చటగా కనిపించిన పేజీ ఇక్కడ చిందరవందరగా ఉంది.

కారణం నజ్మీన్‌కు వెంటనే దొరికింది. ఆఫీసులో అందరూ వాడే ఈ కంప్యూటర్లో ఎవరో అక్షరాల సైజును అన్నిటికన్నా పెద్దదానికి మార్చారు. చూసేవాళ్లు పెంచుకుంటే పెరిగేలా అక్షరాలకు శాతాల్లో కొలత ఇచ్చింది తనే. గళ్లకు మాత్రం పిక్సెళ్లలో, కదలకుండా బిగించేసింది. అక్షరాలు పెరిగాయి, గళ్లు పెరగలేదు.

"ఇందులో సైజు ఎవరో మార్చారు సార్."

"ఎవరు మార్చింది?" అలీ సాహెబ్ గొంతు పెంచాడు.

పక్క బల్ల దగ్గర టైపిస్టు జ్ఞానప్రసూనాంబ తల దించుకుంది. యాభై దాటిన మనిషి. నజ్మీన్‌కు అర్థమైంది. బయటికొచ్చి తన బాస్ రామకాంత్‌కు ఫోన్ చేసింది.

"అక్షరాలకూ పిక్సెల్సే పెట్టెయ్. ఎవరెంత పెంచినా పెరగవు. చిటికెలో పని, నాలుగింటి బస్సుకొచ్చెయ్" అన్నాడు రామకాంత్.

"అప్పుడు చూపు తక్కువున్నవాళ్లు చదవలేరు సార్."

"అది మనకెందుకు?"

నజ్మీన్ లోపలికొచ్చింది. పెద్దావిడ ఇంకా తలెత్తలేదు. విషయం తేలితే ఈ వయసులో ఆవిడ ఉద్యోగం ఏమవుతుంది?

"తప్పు నాదే సార్. సైజు మారినా చెదరకుండా ఉండాలి. సాయంత్రానికి సరిచేస్తాను" అంది.

భోజనం మానేసి కూర్చుంది. గళ్లు, మెనూ, బొమ్మల పక్క ఖాళీలు, ఒక్కోటీ అక్షరంతోపాటు పెరిగేలా తిరగరాసింది. ఒకటి కుదిరితే ఇంకోటి జారింది. బయట రాయి కోసే మోతకు తల దిమ్మెక్కింది. నాలుగింటి బస్సు వెళ్లిపోయింది. చివరికి పేజీ నిలబడింది.

అలీ సాహెబ్ చూసి, "బాగుంది" అని మాత్రం అని యార్డులోకి వెళ్లిపోయాడు.

నజ్మీన్ పెద్దావిడ దగ్గరికెళ్లి మెల్లగా చెప్పింది. "ఇక ఎంత పెంచుకున్నా ఏం కాదు మేడమ్. నేనెవరికీ చెప్పన్లెండి."

"నాకు బానే ఆనతందమ్మా" అంటూ ఆవిడ కిటికీలోంచి చూసింది. యార్డులో అలీ సాహెబ్ నున్నటి రాతి పలక మీద అరచెయ్యి నిదానంగా పాముతున్నాడు.

"రాయిలో వెంట్రుకంత పగులున్నా ఆయన కళ్లు దాటిపోదనే గదా రేపు వాళ్లొచ్చేది" అంది జ్ఞానప్రసూనాంబ. "ఆయనకే చూపు ఆనట్లేదు."