చిన్న మార్పు

“సార్, ఈ బొమ్మలో ఒక చిన్న మార్పు చేస్తారా?”

ఆ మాటతో మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

ముప్ఫై ఏళ్ళు విన్న మాట అది. సబ్బు కాస్త పెద్దది చెయ్యండి. అమ్మాయి బుగ్గ నున్నగా రానివ్వండి. జుట్టు ఇంకో జానెడు పెంచండి.

అడ్వర్టయిజ్‌మెంట్ బోర్డులు వేసీ వేసీ, ఆయనకి ‘సబ్బుల మాస్టారు’ అనే పేరు స్థిరపడిపోయింది.

కంపెనీల పని మానేసి, అరవై రెండో ఏట తన కోసం తాను వేసుకున్న బొమ్మల ప్రదర్శన ఇది. అందులో ప్రాణంలాంటిది ఈ బొమ్మ.

ఇరవై ఏళ్ళ క్రితం పరంజా మీద నిలబడి బోర్డు వేస్తుంటే, కింద ఇటుకలు మోసిన కూలీ మనిషి. తట్ట దించి తలెత్తి చూసేది. పేరు తెలియదు. ఆ ముఖం మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఈ బొమ్మ నిలబడితే తను చిత్రకారుడు. లేదా, చచ్చేదాకా సబ్బులే.

అడిగినవాడికి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా. ప్రదర్శనకి వరసగా మూడు రోజుల నుంచీ వస్తున్నాడు. మిగతా బొమ్మల వైపు కన్నెత్తి చూడడు.

“ఏమిటో ఆ మార్పు?”

“ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు పెట్టండి సార్.”

“ఏ కంపెనీ నీది?”

“లారీ నడుపుతాను సార్.”

“మరి నడుపుకోవయ్యా! నీ స్టీరింగ్ కాస్త ఎడమకి జరపమని నేనేమైనా అడిగానా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పాపం, అతనూ నవ్వబోయాడు.

“అది కాదు సార్, ఆమె...”

“ఆమె నా బొమ్మ! ఒకరు చెబితే మార్చే రోజులు పోయాయి. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకు.”

అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

“అతన్ని మళ్ళీ లోపలికి రానిచ్చావో, చూడు!” అన్నారు మాస్టారు వాచ్‌మన్‌తో.

మర్నాడు ప్రదర్శనకి ఆఖరి రోజు. మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంది. కిటికీలోంచి ఎండ వచ్చి బొమ్మ మీద పడింది.

ఆ నుదురు నున్నగా మెరుస్తోంది. అచ్చం సబ్బు బోర్డు మీది నుదురులా.

మాస్టారు బొమ్మకి దగ్గరగా జరిగారు.

గాటు ఉండేది!

ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తినప్పుడల్లా, కనుబొమ్మని రెండు ముక్కలు చేస్తూ కనిపించేది. పైనుంచి ఎన్నిసార్లు చూశారో! మొటిమలూ మచ్చలూ చెరిపేసే ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆయన్ని అడక్కుండానే చెయ్యి దాన్ని తుడిచిపారేసింది.

‘నా బొమ్మ’ అని తను విర్రవీగింది కూడా ఒక సబ్బు బోర్డే అన్నమాట.

అక్కడే నిలబడి రంగు కలిపారు. ఒక్క గీత.

ఆ ముఖానికి ప్రాణం లేచొచ్చింది.

ఆయన గబగబా గేటు దగ్గరికి నడిచారు.

“నిన్నటి లారీ అతను వస్తే లోపలికి పంపించవయ్యా.”

వాచ్‌మన్ నసిగాడు.

“పొద్దున్నే వచ్చాడు సార్. రానివ్వొద్దన్నారుగా, ఇక్కడే ఆపేశాను. కిటికీలోంచి ఒకసారి చూసుకుని పోయాడు. ఎక్కడికో చాలా దూరం లోడట. ఇటువైపు మళ్ళీ రానన్నాడు.”

“ఫోన్ నంబరు? పేరు?”

“అడగలేదు సార్.”

“గాటు సంగతేమైనా చెప్పాడా?”

“అది తను పెట్టిందేనట సార్. రెండేళ్ళప్పుడు పాలు తాగనని గ్లాసు విసిరికొట్టాడట.”

మాస్టారు గేటు దాటి రోడ్డుకి అటూ ఇటూ చూశారు.

“‘పోయి పదేళ్ళయింది, ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు, ఇన్నాళ్ళకి కనిపించింది గానీ, ఆ గాటు లేక, నేనింకా పుట్టనప్పటి అమ్మలా ఉందన్నా’ అని కళ్ళు తుడుచుకున్నాడు సార్.”