ఏడ్చే తాబేలు

తాబేలుకు న్యాయం చేయడానికొచ్చిన పశువుల డాక్టరు రాజేశ్వర్ రావు, గుడారంలో తనకు కుర్చీ లేదన్న అన్యాయాన్ని ముందుగా గమనించాడు.

“అర్జీ పెట్టింది మీరేనా అమ్మా? ఇదేనా ఆ తాబేలు?”

తనేనని, ఇదేనని వరలక్ష్మి చెప్పింది. హన్మకొండ ఎగ్జిబిషన్ మొత్తంలో ఇంకో తాబేలు లేదు. ఎక్కడో సముద్రంలో పట్టి తెచ్చారట. రెండు చాటలు పక్కపక్కన పెట్టినంత ఉంది. అటు తిరగలేక ఇటు తిరగలేక రేకు తొట్టిలో పడి ఉంది. పైన బోర్డు: ‘ఏడ్చే తాబేలు. మీ కష్టం చెప్పుకోండి, మీ కోసం కన్నీరు కారుస్తుంది.’ జనం వరసలో నిలబడి మరీ చెప్పుకుంటున్నారు. అది పేదా గొప్పా చూడకుండా అందరి కోసం ఏడుస్తోంది. వరలక్ష్మి పక్కింటి మల్లక్క అయితే పోయిన కొడుకు సంగతి చెప్పుకుని, మా చుట్టాలు కూడా ఇంత ఏడ్వలేదంటూ రోజూ వస్తోంది. ఇప్పుడు కూడా గుడారం బయట నిలబడి ఉంది.

ఎమర్జెన్సీ రోజులు కాబట్టి అర్జీకి వారంలోనే కదలిక వచ్చింది. జీవి బాధపడుతోందని డాక్టరు ఒక్క ముక్క రాస్తే చాలు, గుడారం మూయించి, సాయంత్రం రైల్లో తాబేలును విశాఖపట్నం పంపి సముద్రంలో వదిలించమని కలెక్టరాఫీసు హుకుం. వరలక్ష్మి ఆ రైలు ఎన్నింటికో కూడా కనుక్కునే వచ్చింది.

గుడారం యజమాని రాంచందర్ మాత్రం ఏ కంగారూ లేకుండా, పెద్దసారు చూస్తారు కదా అని తెర వెనక్కి పోయి, తడిగుడ్డతో తాబేలు మొహం తుడిచి వచ్చాడు. కన్నబిడ్డ లెక్క సాకుతున్నానని చెప్పుకున్నాడు. తెర తీసేసరికి కన్నబిడ్డ కళ్లల్లోంచి ధారలు కారుతున్నాయి.

డాక్టరు చదివింది గేదెల గురించి. స్టెతస్కోపు డిప్ప మీద ఆనించి, ఏమీ వినపడకపోయినా అంతా విన్నట్టు తలాడించాడు.

“చూడండి సార్, పొద్దస్తమానం గిట్లనే,” అంది వరలక్ష్మి. “బాధ లేకుంటే ఎందుకేడుస్తది?”

రాంచందర్ చేతులు జోడించాడు. అమ్మ బి.ఎస్సీ. చదివిందని అర్జీలో రాసుకుందట కదా, ఆమెనే అడగమన్నాడు. “దేవుని మీద ఒట్టేసి చెప్పు తల్లీ. సముద్రపు తాబేళ్లు సముద్రంల ఉన్నా ఏడుస్తయా, ఏడ్వయా? నాకు ఒక లెక్చరర్ సారు చెప్పిండు.”

లెక్చరర్ సారు చెప్పింది నిజమే, వరలక్ష్మి చదివిన జువాలజీ పుస్తకంలోనే ఉంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అవి కళ్ల వెంట కార్చేస్తాయి. తొట్టిలోవి మంచినీళ్లయితే ఆ లెక్క తప్పుతుందన్న ఆఖరి ఆశతో, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఉప్పు. రాంచందర్ ఆ మాత్రం ఖర్చు పెట్టాడు.

“ఏడుస్తయి సార్,” అంది. “ఉప్పు బయటికి పోవాలె కాబట్టి.”

పెళ్లయ్యాక ఆ డిగ్రీ అక్కరకొచ్చింది అదే మొదటిసారి. అదీ ఎదుటివాడికి.

“కానీ ఇంతగనం ఏడుస్తయా?” అని తనే మళ్లీ అంది.

“ఎంతగనం ఏడ్వాల్నో పుస్తకంల ఉన్నదా అమ్మా?” డాక్టరు మర్యాదగానే అడిగాడు.

లేదు. పోనీ తొట్టి ఇరుకు, తిరగడానికి కూడా జాగా లేదంది. మీరు మా క్వార్టర్లు చూడలేదన్నాడు డాక్టరు. కన్నీరు ఈ జాతికి సహజమని, అర్జీదారే ఒప్పుకున్నారని రాసి, కింద ఆమె చేతే సంతకం చేయించుకున్నాడు. ఇద్దరికీ నమస్కారం పెట్టి స్కూటరెక్కాడు. రేపట్నుంచి కరీంనగర్‌లో ఆట అని రాంచందర్ అడక్కుండానే చెప్పాడు. ఇక అర్జీ పెట్టాలంటే ఆ జిల్లా వేరు, ఆ కలెక్టరు వేరు.

వరలక్ష్మి తొట్టి పక్కన కూలబడింది. తాబేలు మెడ సాచి తల పైకెత్తింది. దాని కళ్లు సగమే తెరుచుకున్నాయి. ఆమె కొంగు చివర తీసుకుని, పసిపిల్లకు తుడిచినట్టు, ఆ కళ్లు రెండూ మెల్లగా ఒత్తి తుడిచింది.

“నీ రైలు నా నోటితోనే తప్పించిన,” అంది.

తాబేలు ఒక్కసారిగా తల గుంజుకుని తొట్టి రేకుకు కొట్టుకుంది. కొత్త చెయ్యి కదా, బెదిరిందనుకుంది వరలక్ష్మి.

ఆమె గుడారం బయటికి రాగానే మల్లక్క ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. తెర సందులోంచి అంతా చూసిందట.

“నీ కోసం సుత ఏడ్చింది బిడ్డా. దానికి ఎంత మంచి గుణమో చూసినవా?”

ఆ మాటకు వరలక్ష్మి ఇక ఆపుకోలేకపోయింది. తడిగా ఉన్న ఆ కొంగే కళ్లకు అద్దుకుంది.

అద్దుకున్న మనిషి అక్కడే వంగిపోయింది. మల్లక్క ఆమె వీపు నిమిరింది. ఊకో బిడ్డా, ఒక తాబేలు కోసం గంతగనం ఏడుస్తరా అంది.

“ఏడుస్తలేను మల్లక్కా,” అంది వరలక్ష్మి, కళ్లు తెరవలేక. “కారం. దాని కళ్లల్లది.”