కిటికీ కిటుకు

"ఇంకాస్త మసి పుయ్యవే," అన్నాడు తైగ్, కిటికీలో గడ్డి కూరుతూ.

ఊనా అప్పటికే గోడల సున్నం గీకి, పొయ్యి మసి పులిమి, ఇంటిని ముసలిదాన్ని చేసేసింది. పేదల పోషణకు వేసే పన్ను చట్టం మారింది. ఇళ్ళకు కొత్తగా విలువ కడతారు. విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. పోయినేడు ఆ పన్ను కట్టలేకే ఊనా వాళ్ళన్నయ్య ఇల్లు పోగొట్టుకుని, పెళ్ళాం పిల్లలతో పేదలశాలలో చేరాడు. అక్కడ మొగుడొక గదిలో, పెళ్ళామొక గదిలో, పిల్లలింకెక్కడో.

"నా పిల్లల్ని అలా పంచిపెట్టను," అంది ఊనా. "కిటికీ కిటుకు బానే ఉంది. మరి ఆవో?"

"పొద్దున్నే మా బావగారింటికి చుట్టపుచూపుగా వెళ్ళింది."

పక్కింటి నాబ్లా అవ్వ మాత్రం గుమ్మానికి తీరిగ్గా సున్నం కొడుతోంది.

"ఏం అవ్వా, పన్నుకి పెళ్ళిచూపులా?" అన్నాడు తైగ్.

"నా ఇల్లు నా మొహంలాంటిదిరా. ఎవడొచ్చినా కడుక్కునే కనిపిస్తాను."

మధ్యాహ్నం విలువ కట్టే అధికారి వచ్చాడు. గోడలు కొలిచాడు.

"కిటికీ లేదా?"

"మాకు చీకటే చుట్టం దొరా."

"ఆవు?"

"పాల రంగే మర్చిపోయాం."

అధికారి పెన్సిలు ఆపాడు. గడ్డి సందులోంచి వస్తున్న సన్నని వెలుగు వంక చూశాడు. "బాగా ఆలోచించుకో తైగ్. చిన్నదైనా సరే, ఏదుంటే అది చెప్పు. రాసుకుంటాను."

"ఏమీ లేదు దొరా."

ఆయన నిట్టూర్చి మూడున్నర పౌండ్లని రాశాడు. అవ్వ ఇంటికి నాలుగుంపావు పడింది.

"పన్ను కోసం పళ్ళికిలించాడు, పప్పులుడకలేదు," అని నవ్వాడు తైగ్. ఆ సాయంత్రం ఊనా పిల్లలకు తలా ఒక దుంప ఎక్కువ వడ్డించింది.

చలి ముదిరాక, ఊరి భూమంతా సొంతమైన జమీందారు దొరగారి గుమాస్తా గునపాలవాళ్ళను వెంటేసుకుని వచ్చాడు. అవ్వ ఇంటి తెల్లటి గుమ్మం దాటుకుని వాళ్ళు తైగ్ వాకిట్లో ఆగారు.

"పొరపాటు పడ్డారయ్యా," అన్నాడు తైగ్. "కౌలు బాకీ లేదు. ఇంటి విలువ అందరికంటే మాదే తక్కువ."

"తక్కువ కాబట్టే తైగ్."

ఊనా పిల్లలిద్దరినీ ఒళ్ళోకి లాక్కుంది. మొదటి పోటు కిటికీ దగ్గరే పడింది. గడ్డి రాలి, ఇంట్లోకి వెలుగొచ్చింది.

గుమాస్తా తల దించుకున్నాడు. "కొత్త చట్టంలో నాలుగు పౌండ్ల లోపు ఇళ్ళకు పన్ను దొరగారే కట్టాలి. ఇల్లు లేకుంటే పన్నూ లేదు."