ఇస్త్రీ బల్ల కింద మొలక

"ములుకు వైపు రుద్దకండి. వేరు వచ్చేది అక్కణ్ణుంచే" అంది భార్య.

షావుకారు చేతిలో గరుకు కాగితం ఆగింది. బల్ల మీద పన్నెండు గుమ్మడి గింజలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత. మందపాటి పెంకులోకి నీళ్లు దిగాలంటే అంచులు కాస్త అరగదీయాలి.

"అక్కడ అలాగే చేస్తున్నారా?"

"అలాగే చేస్తారు."

"నీకు అబద్ధాలు చెప్పి పంపిస్తున్నాడు వాడు."

వాడంటే తోడల్లుడు. వృత్తి టైలరు. షావుకారుది విత్తనాల కొట్టు, ముప్పయ్యేళ్లుగా ఊరందరికీ గింజలు అమ్ముతున్న కొట్టు. అయినా పక్క పట్నంలో జరిగే పెద్ద గుమ్మడికాయల పోటీలో మూడేళ్లుగా కప్పు సూదీ దారం పట్టుకునేవాడి ఇంటికే పోతోంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. మొన్నటికి మొన్న ఒక పాత ఖాతాదారు గింజలు అరచేతిలో పోసుకుని, ఒక్కసారి టైలరుగారికి చూపించి వచ్చి కొంటానన్నాడు. ఆ పూట షావుకారుకు ముద్ద దిగలేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే కొట్టు బోర్డు దించి వాడి గుమ్మానికి కట్టడమే మిగులుతుంది.

లోకం ఆయనకు తక్కెడ. ఒక పళ్లెం బరువెక్కిందంటే రెండోదాంట్లోంచి తీసినట్టే. తోడల్లుడికి అందిన ప్రతి మెచ్చుకోలూ తన పళ్లెంలోంచి పోయిందే. అందుకే పోటీలో తూకాలు అయిపోయి, టైలరు పెరటి కాయే మొగ్గిందని తెలియగానే తలనొప్పి వంక చెప్పి బస్సెక్కేసేవాడు. ఆ చప్పట్లు మాత్రం వినలేడు.

భార్య రోజూ పొద్దున్నే చెల్లెలి ఇంటికెళ్లి, టైలరు కుట్టిన బట్టలకు కాజాలు తీసి గుండీలు వేసి మధ్యాహ్నానికి వస్తుంది. ఆ పని మానిపించాలని ఒకసారి అనుకున్నాడు. శత్రువు కోటలో మనవాళ్లు ఒకరుండటం లాభమేనని మళ్లీ ఊరుకున్నాడు. రోజూ ఆరా తీసేవాడు. ఆమె ఏదీ దాచేది కాదు. గింజల్ని గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు గంటలు నానబెడతారు, తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెడతారు, డబ్బాని ఇస్త్రీ బల్ల కింద ఉంచుతారు, అక్కడ వెచ్చదనం పెరగదు తరగదు అని చెప్పింది.

షావుకారు నమ్మలేదు. గెలిచే కిటుకు ఎవడైనా ఉత్తపుణ్యానికి చెబుతాడా? తనైతే చెప్పడు. అట్టపెట్టెలో పెద్ద బల్బు వేలాడదీసి గింజల్ని దాని కింద పెట్టాడు. అంత వేడి వద్దని భార్య అంటే, ఒకప్పుడు ఆమె పెరట్లో నాలుగు పాదులు పెట్టుకుంటానన్నప్పుడు నవ్విన నవ్వే మళ్లీ నవ్వాడు. నాలుగో రోజు పెట్టె తెరిస్తే కుళ్లు వాసన. పన్నెండూ ఉడికిపోయాయి.

మర్నాడు ప్యాంటు కొలతలివ్వాలని టైలరు ఇంటి ముందుగదిలోని కొట్టుకు వెళ్లాడు.

"రా అన్నయ్యా. నడుము ఒక అంగుళం పెరిగినట్టుందే" అన్నాడు తోడల్లుడు, టేపు చుడుతూ.

"నీ కప్పులు చూసి సంతోషంతో పెరిగిందిలే."

"నా కప్పులేంటన్నయ్యా. నాకు గుమ్మడి తీగకీ దోస తీగకీ తేడా తెలీదు."

షావుకారు ఒళ్లు మండింది. గెలిచి గర్వపడేవాణ్ని భరించొచ్చు, గెలిచి ఏమీ ఎరగనట్టుండేవాణ్ని ఎలా భరించడం? తోడల్లుడు టీ చెప్పడానికి బయటికెళ్లగానే ఇస్త్రీ బల్ల కిందికి వంగాడు. డబ్బా నిజంగానే ఉంది. తడిగుడ్డలో ఆరు గింజలు, ఆరింటికీ తెల్లటి వేళ్లు. లావుగా ఉన్నదాన్ని రుమాల్లో చుట్టుకున్నాడు.

ఇంట్లో భార్య రుమాలు చూసింది. "ఎక్కడిది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారట. ఈయన ఎత్తుకొచ్చింది గింజే అయినా చెయ్యి భుజం మీదికి పోయింది. "తెప్పించాను" అన్నాడు.

ఆమె మొలక వంక కాసేపు చూసింది. "వేరు కిందికి పెట్టండి. ఒక్క అంగుళం లోతు చాలు."

"నాకా చెబుతున్నావు? ముప్పయ్యేళ్లుగా అమ్ముతున్నాను."

"అమ్మడం వేరు" అని లోపలికి వెళ్లింది.

ఈసారి మాత్రం, దొంగసొత్తు పాడవుతుందన్న భయానికి, ఆమె చెప్పినట్టే పెట్టాడు. తీగ పెరడంతా పాకింది. కాయ కూర్చునే పీటంతయింది, పీట మీద మనిషంతయింది. పోటీ నాటికి నలుగురు పట్టుకుంటే గానీ బండెక్కలేదు. జన్మలో మొదటిసారి షావుకారు తూకం దగ్గర మీసం దువ్వాడు.

ఆయన కాయ నూట ఎనభై కిలోలు. టైలరు పెరటి కాయ రెండు వందల ముప్పై.

ఈసారి ఆయన బస్సెక్కలేదు. ఒకే కాయ గింజలు, ఒకే డబ్బాలో మొలిచినవి. మరి యాభై కిలోలు ఎక్కడ తేడా వచ్చింది? పెంచే చేతిలోనే. ఆ చెయ్యి తోడల్లుడిది కాదు. పొద్దస్తమానం మిషను తొక్కేవాడికి తీగ దగ్గర కూర్చునే తీరికెక్కడిది? ఎవరో పని తెలిసిన మనిషి చేత చాటుగా పెంచిస్తున్నాడు. కాయ ఎవరు పెంచితే వాళ్లే పోటీకి పెట్టాలన్నది నియమం. ఇన్నాళ్లకు వాడు దొరికాడు.

ఎక్కడా లేని హుషారుతో వెళ్లి పోటీ గుమాస్తా ముందు నిలబడ్డాడు.

"మొదటి కాయ టైలరు పెంచింది కాదు. నేను రాసిస్తాను. కప్పు ఆపండి."

"టైలరు పెంచాడని ఎవరన్నారండీ?"

"నాలుగేళ్లుగా ఊరంతా అంటోంది."

"ఊరి సంగతి మాకెందుకు? మాది రిజిస్టరు" అని గుమాస్తా పుస్తకం ఆయన వైపు తిప్పి, ఈ ఏడాది పేజీ చూపించి, వెనక్కి మరో మూడేళ్ల పేజీలూ తిప్పాడు.

నాలుగు చోట్లా పెంచినవారి గడిలో ఉన్నది ఆయన భార్య పేరు.